రెప్పపాటును కొలిచిన శాస్త్రవేత్త రొనాల్డ్ నోరిష్

కాలేజీలో సేంద్రియ రసాయన శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ నోరిష్ అనే పేరు ఎదురవుతుంది. కీటోన్ల మీద అతినీలలోహిత కాంతి పడితే వాటి అణువులు రెండు పద్ధతుల్లో విరుగుతాయి. ఒకదాన్ని నోరిష్ మొదటి రకం చర్య అనీ, రెండోదాన్ని నోరిష్ రెండో రకం చర్య అనీ పిలుస్తారు. మేడ మీద ఎండలో వదిలేసిన ప్లాస్టిక్ బకెట్ కొన్నాళ్లకు పెళుసుబారి పగిలిపోతుంది కదా, ఆ పగుళ్ల వెనుక కూడా ఈ చర్యల పాత్ర ఉంది. ఈ పేరుగల మనిషి ఎవరు, ఏం సాధించారు, మనం పీల్చే గాలికీ ఆయన పనికీ సంబంధం ఏమిటి అన్నదే ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

రొనాల్డ్ జార్జ్ రేఫర్డ్ నోరిష్ 1897 నవంబరు 9న ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో పుట్టారు. అక్కడే చదివారు, అక్కడే పాఠాలు చెప్పారు, అక్కడే పరిశోధన చేశారు, 1978 జూన్ 7న అక్కడే కన్నుమూశారు. రెండు మూడేళ్లకోసారి టీసీ చేతపట్టుకుని కొత్త ఊళ్లో కొత్త బడిలో చేరే మనకు ఇది వింతగానే ఉంటుంది. ఇంత స్థిరంగా ఒకే ఊళ్లో బతికిన ఈ మనిషి జీవితమంతా వెంటబడింది మాత్రం ఒక్క క్షణమైనా నిలవని వాటి కోసం.

పెరటి షెడ్డులో ప్రయోగశాల

నోరిష్ తండ్రిది డెవన్ ప్రాంతంలోని క్రెడిటన్ అనే ఊరు. యువకుడిగా ఉన్నప్పుడు మందుల దుకాణం తెరవడానికి కేంబ్రిడ్జికి వచ్చి అక్కడే స్థిరపడిపోయారు. కొడుక్కి రసాయనాల మీద ఆసక్తి ఉందని గమనించి, ఇంటి పెరట్లోని షెడ్డులో చిన్న ప్రయోగశాల పెట్టుకోనిచ్చారు. కావలసిన రసాయనాలు కూడా ఆయనే తెచ్చి ఇచ్చేవారు. మిశ్రమంలో ఏయే పదార్థాలు ఉన్నాయో కనిపెట్టమంటూ ఔషధ పత్రిక పెట్టే పోటీల్లో పాల్గొని ఆ కుర్రవాడు బహుమతులు గెలిచాడు. ఆ షెడ్డులోని సామగ్రి తర్వాతి కాలంలో లండన్ సైన్స్ మ్యూజియానికి చేరింది.

మొదట ఊళ్లోని మామూలు బడిలో చదివి, 1910లో స్కాలర్‌షిప్ సంపాదించి పెర్స్ స్కూల్లో చేరారు. 1915లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని ఇమ్మాన్యుయేల్ కాలేజీలో చదవడానికి మరో స్కాలర్‌షిప్ దొరికింది. అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధం సాగుతోంది. చదువు సగంలో ఆపి, 1916లో ఫిరంగి దళంలో అధికారిగా చేరి ఫ్రాన్స్ వెళ్లారు. 1918 మార్చిలో జర్మన్ సేనలకు పట్టుబడ్డారు. మొదట రాష్టాట్‌లోనూ, తర్వాత ఇప్పుడు పోలండ్‌లో ఉన్న గ్రాడెంజ్‌లోనూ యుద్ధఖైదీగా ఉన్నారు. 1919లో స్వదేశం చేరి మళ్లీ అదే కాలేజీలో విద్యార్థిగా కూర్చున్నారు. తనతోపాటు రసాయన శాస్త్రంలో పేరు తెచ్చుకోగలిగిన తోటివారు ఎందరో ఆ యుద్ధంలో చనిపోయారని ఆయన తర్వాత గుర్తుచేసుకునేవారు.

ఎరిక్ రీడియల్ అనే ఆచార్యుని దగ్గర పరిశోధనకు చేరి, కాంతి వల్ల జరిగే రసాయన చర్యలను అధ్యయనం చేయడం మొదలుపెట్టారు. 1924లో డాక్టరేట్ వచ్చింది. 1925లో తన కాలేజీలోనే ఫెలో అయ్యారు. 1926లో వివాహం జరిగింది. వారికి కవల కుమార్తెలు. 1936లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1937లో భౌతిక రసాయన శాస్త్ర ఆచార్య పదవి లభించాయి. 1965లో విశ్రాంతి తీసుకునేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

ఉన్నాయని తెలుసు, కనబడవు

నోరిష్‌ను వెంటాడిన సమస్య ఏమిటో అర్థం కావాలంటే రాడికల్ అంటే ఏమిటో తెలియాలి. నీటి అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువుకు రెండు హైడ్రోజన్ పరమాణువులు అతుక్కుని ఉంటాయి. అందులోంచి ఒక హైడ్రోజన్‌ను లాగేస్తే మిగిలేది హైడ్రాక్సిల్ రాడికల్. దానిలో ఒక ఎలక్ట్రాన్ జత లేకుండా మిగిలిపోతుంది. అందుకని ఎదురైన అణువు నుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుని మళ్లీ నీరుగా మారాలని చూస్తుంది. మీథైల్, క్లోరిన్ పరమాణువు వంటి ఇతర రాడికల్స్ కూడా ఇలాంటివే. ఇవి పుట్టిన మరుక్షణమే దేనితోనో కలిసిపోతాయి.

1920లలో, 30లలో రసాయన శాస్త్రవేత్తలకు ఇవి ఉన్నాయన్న నమ్మకం బలపడింది. 1929లో బెర్లిన్‌లో పానెత్, హోఫెడిట్జ్ అనే ఇద్దరు మీథైల్ రాడికల్స్‌ను ఒక గొట్టంలో పరుగెత్తించి, గొట్టం గోడకు పూసిన సీసపు పొర మాయమవడం చూపించారు. దొంగను చూడలేదు గానీ పోయిన సొమ్మును చూశారన్నమాట. నోరిష్ కూడా అలాగే పనిచేశారు. ఎసిటోన్ వంటి పదార్థాల మీద వెలుతురు వేసి, చివరికి ఏ వాయువులు మిగిలాయో కొలిచి, మధ్యలో ఏ రాడికల్స్ పుట్టి ఉంటాయో ఊహించేవారు. మీథేన్ ఎలా మండుతుందో పరిశీలించినప్పుడు కూడా ఇదే పద్ధతి. లెక్కలు సరిపోయేవి. అయినా అవి ఊహలే. మధ్యలో జరిగిందేమిటో ఎవరూ చూడలేదు, ఏ అడుగు ఎంత వేగంగా పడిందో ఎవరూ నేరుగా కొలవలేదు. ఇలా దాదాపు 20 ఏళ్లు గడిచాయి.

కొలవడం ఎందుకంత కష్టం? గడియారం పట్టుకుని కొలవాలంటే చర్య మనకంటే నెమ్మదిగా జరగాలి. రెండు ద్రవాలను చేత్తో కలపడానికే ఒక సెకను పడుతుంది. 1923లో అదే కేంబ్రిడ్జిలో హార్ట్‌రిడ్జ్, రఫ్టన్ అనే శాస్త్రవేత్తలు ద్రవాలను వేగంగా పారించి కలిపే ఉపాయం కనిపెట్టి, సెకనులో వెయ్యో వంతు దాకా వెళ్లారు. వాయువుల్లో తిరిగే రాడికల్స్‌కు అది కూడా చాలదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు దీపం వెలుతురులో రాడికల్స్ ఎంత వేగంగా పుడతాయో అంత వేగంగా మాయమవుతాయి. చిల్లుల బిందెలో సన్నని ధారగా నీళ్లు పోసినట్లే. ఎంతసేపు పోసినా అడుగున తడి తప్ప ఏమీ నిలవదు. ఒక్కసారిగా కుండపోతగా పోస్తేనే కాసేపైనా నీళ్లు కనబడతాయి. అంత వెలుతురును ఒక్కసారిగా పోసే దీపం ఎక్కడ దొరుకుతుంది?

యుద్ధం మిగిల్చిన దీపం

రెండో ప్రపంచ యుద్ధంలో నోరిష్ ప్రయోగశాల సైన్యానికి కావలసిన పనుల్లో మునిగిపోయింది. నిప్పంటించే బాంబుల పదార్థాలు, ఫిరంగి పేలినప్పుడు గొట్టం కొసన వచ్చే మెరుపును తగ్గించే ఉపాయాలు వంటివి పరిశోధించారు. యుద్ధం ముగిశాక 1945లో జార్జ్ పోర్టర్ అనే పాతికేళ్ల యువకుడు ఆయన దగ్గర విద్యార్థిగా చేరాడు. లీడ్స్‌లో రసాయన శాస్త్రం చదివి, యుద్ధకాలంలో నౌకాదళంలో రాడార్ అధికారిగా పనిచేసినవాడు. రాడార్ పని అంటే చిన్న తరంగపు తునకను పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని లెక్కగట్టడం. సెకనును చిన్న చిన్న ముక్కలుగా కోయడం అతనికి చేయి తిరిగిన విద్య.

మొదట ఇద్దరూ సైన్యం వాడే సర్చ్‌లైట్‌తోనే రాడికల్స్‌ను చూడాలని ప్రయత్నించారు. ఫలితం లేదు. ఒకసారి పాదరసపు దీపం కోసం పోర్టర్ ప్రెస్టన్‌లోని సీమెన్స్ దీపాల కర్మాగారానికి వెళ్లాడు. అక్కడ చీకట్లో ఫోటోలు తీయడం కోసం పెద్ద పెద్ద ఫ్లాష్ దీపాలు తయారవుతున్నాయి. మన కెమెరా ఫ్లాష్‌కు అవి పెద్దన్నల వంటివి. కెపాసిటర్లలో విద్యుత్తును నింపి, ఒక్కసారిగా వాయువున్న గొట్టంలోకి వదిలితే క్షణకాలం కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుతురు వస్తుంది. కుండపోతగా వెలుతురు పోసే దీపం ఇదేనని అతనికి తట్టింది.

ఆ ఆలోచన శిష్యుడిది. రెండు దశాబ్దాలుగా సిద్ధంగా ఉన్న ప్రశ్న, ప్రయోగశాల, అనుభవం గురువువి. ఇద్దరి పేర్లతో 1949లో నేచర్ పత్రికలో మొదటి వ్యాసం వచ్చింది. ఆ పద్ధతికి ఫ్లాష్ ఫోటాలిసిస్ అని పేరు. మెరుపుతో అణువులను విరగ్గొట్టడం అని దాని అర్థం.

రెండు మెరుపులు

పరికరం అమరిక వింటే సులభంగానే అర్థమవుతుంది. క్వార్ట్జ్ గాజు అతినీలలోహిత కాంతిని లోపలికి పోనిస్తుంది కాబట్టి, ఆ గాజుతో చేసిన పొడవైన గొట్టంలో వాయువు నింపుతారు. దాని పక్కనే అంతే పొడవున్న ఫ్లాష్ దీపం ఉంటుంది. మొదటి మెరుపు మెరవగానే గొట్టంలోని అణువులు పెద్ద సంఖ్యలో విరిగి రాడికల్స్ పుడతాయి. ఆ వెంటనే గొట్టం ఒక కొస నుంచి రెండో చిన్న మెరుపు మెరుస్తుంది. ఇది విరగ్గొట్టడానికి కాదు, చూడడానికి. ఈ వెలుతురు గొట్టం గుండా పోయి వర్ణపటమాపకంలోకి చేరి ఫోటో ప్లేటు మీద పడుతుంది. ప్రతి రాడికల్ తనకు ఇష్టమైన రంగులను మింగేస్తుంది. కాబట్టి ఆ రంగులు ఉండవలసిన చోట నల్లని గీతలు కనబడతాయి. గీతలు చూసి ఎవరున్నారో చెప్పవచ్చు, ఎంత నల్లగా ఉన్నాయో చూసి ఎందరున్నారో చెప్పవచ్చు.

అసలు కిటుకు రెండు మెరుపుల మధ్య విరామంలో ఉంది. సెకనులో వెయ్యో వంతు విరామంతో ఒక ఫోటో, రెండు వేయో వంతులతో ఇంకోటి, మూడు వేయో వంతులతో మరోటి తీస్తారు. ప్రతిసారీ గొట్టంలో కొత్త వాయువు నింపి మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆ ఫోటోలను వరుసగా పేర్చితే సినిమా రీలులాగా రాడికల్ పుట్టుక, ఎదుగుదల, అంతం కనబడతాయి. విరామాన్ని మొదట తిరిగే చక్రంతో సరిచూసుకునేవారు. తర్వాత ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. మెరుపు వ్యవధి కూడా సెకనులో వెయ్యో వంతు స్థాయి నుంచి లక్షో వంతు దాకా తగ్గుతూ వచ్చింది.

తొలి రోజుల్లోనే క్లోరిన్, ఆక్సిజన్ కలిపిన వాయువు మీద మెరుపు వేస్తే, క్లోరిన్ మోనాక్సైడ్ అనే రాడికల్ గీతలు కనిపించాయి. అది ఎంత వేగంగా తగ్గిపోతోందో పోర్టర్ కొలిచాడు. అప్పట్లో అది ప్రయోగశాల వింత మాత్రమే. 1987లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రంలోకి విమానం పంపి చూసినప్పుడు, ఓజోన్ తగ్గినచోటల్లా ఈ రాడికలే పెరిగి కనిపించింది.

మంటలో దొరికిన హైడ్రాక్సిల్

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరవుతాయని మనం చిన్న తరగతుల్లోనే చదువుకుంటాం. సమీకరణం ఒక్క వరుసలో అయిపోతుంది. నిజంగా జరిగేది మాత్రం ఒక్క అడుగులో కాదు. ఒక హైడ్రోజన్ పరమాణువు ఆక్సిజన్ అణువును ఢీకొంటే ఒక హైడ్రాక్సిల్, ఒక ఆక్సిజన్ పరమాణువు వస్తాయి. ఆ ఆక్సిజన్ పరమాణువు హైడ్రోజన్ అణువును ఢీకొంటే మరో హైడ్రాక్సిల్, ఒక హైడ్రోజన్ పరమాణువు వస్తాయి. ఆ రెండు హైడ్రాక్సిల్ రాడికల్స్ చెరొక హైడ్రోజన్ అణువును ఢీకొని రెండు నీటి అణువులుగా మారి, ఇంకో రెండు హైడ్రోజన్ పరమాణువులను వదులుతాయి. లెక్క చూస్తే ఒక పరమాణువుతో మొదలై మూడు మిగిలాయి. మూడు తొమ్మిదవుతాయి, తొమ్మిది ఇరవై ఏడవుతాయి. అందుకే అది పేలుతుంది. ఇలా కొమ్మలు వేసే శృంఖల చర్యలను వివరించినందుకే రష్యాకు చెందిన సెమ్యోనోవ్, ఇంగ్లండ్‌కు చెందిన హిన్షెల్‌వుడ్ 1956లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

నోరిష్, పోర్టర్ ఈ పేలుడులోకి తమ రెండు మెరుపులతో తొంగిచూశారు. హైడ్రోజన్, ఆక్సిజన్ మిశ్రమానికి కొద్దిగా నైట్రోజన్ డయాక్సైడ్ కలిపారు. మొదటి మెరుపు దాన్ని విరిచి ఆక్సిజన్ పరమాణువులను పుట్టిస్తుంది, అవి శృంఖలను మొదలుపెడతాయి. రెండో మెరుపు తీసిన ఫోటోల్లో అతినీలలోహిత ప్రాంతంలో హైడ్రాక్సిల్ గీతలు స్పష్టంగా కనబడ్డాయి. 1952లో ఈ ఫలితాలు ప్రచురించారు. తర్వాత థ్రష్ అనే మరో శిష్యునితో కలిసి ఎసిటిలీన్ పేలుళ్లను పరిశీలించారు. పెట్రోలు ఇంజన్లలో వచ్చే టకటక చప్పుడుకు కారణమైన చర్యలను కూడా నోరిష్ ఇదే పద్ధతితో పరిశోధించారు. 20 ఏళ్లు కాగితం మీద ఊహించిన రాడికల్స్‌ను ఆయన 50 దాటిన వయసులో ఫోటో ప్లేటు మీద చూడగలిగారు.

రేటు ఎలా కడతారు?

రాడికల్‌ను చూడడం ఒక ఎత్తు. అది ఫలానా వాయువుతో ఎంత వేగంగా చర్య జరుపుతుందో ఒక అంకెగా చెప్పడం ఇంకో ఎత్తు. దీనికి శాస్త్రవేత్తలు వాడే ఉపాయం మనం ప్రార్థన మైదానంలో ఆట ఆడి తెలుసుకోవచ్చు.

మైదానంలో 1000 మంది పిల్లలు చెల్లాచెదురుగా నడుస్తున్నారనుకుందాం. వారి మధ్య కళ్లకు గంతలు కట్టుకున్న 10 మంది తిరుగుతున్నారు. గంతలవారు ఎవరినైనా గట్టిగా పట్టుకుంటే ఇద్దరూ మైదానం వదిలిపోవాలి. పదిమందీ వెళ్లిపోయినా గుంపులో ఇంకా 990 మంది ఉంటారు, అంటే గుంపు దాదాపు మారలేదు. కాబట్టి గంతలవారు మైదానం ఖాళీ చేసే వేగం రెండు విషయాల మీదే ఆధారపడుతుంది. గుంపు ఎంత పెద్దది, ఒక్కో తాకిడిలో పట్టు దొరికే అవకాశం ఎంత. గుంపును 2000 చేస్తే వేగం రెట్టింపవుతుంది. గుంపు పరిమాణం మనకు ముందే తెలుసు కాబట్టి, రెండో విషయాన్ని లెక్కగట్టవచ్చు.

గొట్టంలో జరిగేదీ ఇదే. గంతలవారు హైడ్రాక్సిల్ రాడికల్స్, గుంపు మీథేన్ వంటి వాయువు. హైడ్రాక్సిల్ కంటే మీథేన్‌ను ఎన్నో రెట్లు ఎక్కువ ఉంచుతారు. హైడ్రాక్సిల్ గీత ఎంత వేగంగా మాసిపోతోందో చూస్తారు. సగం కావడానికి ఎంత సమయం పడితే, ఆ మిగిలిన సగంలో సగం పోవడానికీ అంతే సమయం పడుతుంది. మీథేన్ పరిమాణాన్ని మార్చి మార్చి మళ్లీ కొలుస్తారు. వేగాలను గ్రాఫు మీద గుర్తిస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలే మనకు కావలసిన రేటు స్థిరాంకం. ఇందులో ఒక పెద్ద సౌకర్యం ఉంది. మొదట ఎన్ని హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టాయో ఖచ్చితంగా తెలియనక్కర్లేదు. ఎంత వంతు మిగిలిందో తెలిస్తే చాలు. అయితే మీథేన్ ఎంత ఉందో మాత్రం పొరపాటు లేకుండా తెలియాలి. అందులో ఏ కొద్దిపాటి మలినం ఉన్నా, అది హైడ్రాక్సిల్‌ను తానే పట్టేసి లెక్క తప్పిస్తుంది.

అమెరికాలోని లాస్ అలమోస్‌లో గ్రైనర్ అనే శాస్త్రవేత్త 1967లో నీటి ఆవిరి మీద మెరుపు వేసి హైడ్రాక్సిల్‌ను పుట్టించి, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్‌లతో దాని రేట్లను కొలిచాడు. అదే సంవత్సరం నోరిష్, పోర్టర్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతిలో సగం జర్మనీకి చెందిన మాన్‌ఫ్రెడ్ ఐగెన్‌కు, మిగిలిన సగం వీరిద్దరికీ కలిపి ఇచ్చారు. నోరిష్‌కు 70 ఏళ్లు నిండినది ఆ సంవత్సరమే.

గాలిని కడిగే పనివాడు

అప్పటిదాకా హైడ్రాక్సిల్ అంటే మంటలకు సంబంధించిన విషయం. 1971లో హైరమ్ లెవీ అనే అమెరికన్ శాస్త్రవేత్త, మంట లేకపోయినా మన చుట్టూ ఉన్న గాలిలో పగటిపూట హైడ్రాక్సిల్ ఉంటుందని వివరించాడు. సూర్యుని అతినీలలోహిత కాంతి ఓజోన్ అణువును విరుస్తుంది. అందులోంచి వచ్చిన చురుకైన ఆక్సిజన్ పరమాణువు నీటి ఆవిరిని ఢీకొంటే రెండు హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి. నోరిష్ గొట్టంలో దీపం చేసిన పని ఆకాశంలో సూర్యుడు చేస్తున్నాడన్నమాట. ఎండ, తేమ రెండూ ఎక్కువగా ఉండే ఉష్ణమండలంలో ఇది ఎక్కువగా తయారవుతుంది. మన దేశంలో చాలా భాగం ఆ మండలంలోనే ఉంది.

ఎంత ఉంటుంది? ఒక ఘన సెంటీమీటరు గాలిలో దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటే, వాటిలో హైడ్రాక్సిల్ సుమారు 10 లక్షలు మాత్రమే. అంటే 25 లక్షల కోట్ల అణువుల్లో ఒకటి. ఒక్కొక్కటి ఉండేది కూడా ఒక సెకను లేదా అంతకంటే తక్కువ. అయినా గాలిలో చేరే వాయువుల్లో అనేకం దాని చేతిలోనే అంతమవుతాయి. చెట్లు వదిలే ఐసోప్రీన్ కొన్ని గంటల్లో, కార్బన్ మోనాక్సైడ్ సుమారు రెండు నెలల్లో, మీథేన్ దాదాపు 9 ఏళ్లలో తొలగిపోవడానికి ముఖ్య కారణం అదే. వరి పొలాల నుంచి, పశువుల నుంచి, చెత్త గుట్టల నుంచి వచ్చే మీథేన్ భూమిని వేడెక్కిస్తుంది. అది గాలిలో ఎన్నాళ్లుంటుందో చెప్పాలంటే హైడ్రాక్సిల్‌తో దాని చర్య రేటు తెలియాలి. రేటు తప్పయితే, రాబోయే ఏళ్ల వేడి గురించి చెప్పే లెక్క కూడా తప్పుతుంది.

ఇది ఉత్తమాట కాదు. మైసూరు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లిన ఎ.ఆర్. రవిశంకర, తన సహచరుడు వఘ్‌జియానితో కలిసి, మీథేన్, హైడ్రాక్సిల్ చర్యను కొత్తగా కొలిచి 1991లో ప్రచురించారు. అప్పటిదాకా అందరూ వాడుతున్న విలువ కంటే చర్య నెమ్మదిగా జరుగుతోందని తేలింది. దాంతో మీథేన్ గాలిలో అనుకున్నదానికంటే సుమారు నాలుగో వంతు ఎక్కువ కాలం ఉంటుందని లెక్క మారింది. ఒక గొట్టంలో గీత మాసిపోయే వేగాన్ని ఇంకాస్త జాగ్రత్తగా చూసినందుకు, భూమి మొత్తానికి చెందిన ఒక అంకె సవరించవలసి వచ్చింది.

ఫ్రిజ్‌లలో వాడే వాయువుల కథ కూడా ఇంతే. పాత క్లోరోఫ్లోరోకార్బన్లలో హైడ్రోజన్ లేదు. లాక్కోవడానికి ఏమీ లేనప్పుడు హైడ్రాక్సిల్ వాటిని ఏమీ చేయలేదు. అవి నేరుగా ఓజోన్ పొర దాకా వెళ్లాయి. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత వాటి బదులుగా హైడ్రోజన్ ఉన్న వాయువులను ఎంచుకున్నారు. ఏది ఎంత త్వరగా తొలగిపోతుందో ముందే చెప్పడానికి హైడ్రాక్సిల్ రేట్లే ఆధారమయ్యాయి.

గురువుగా నోరిష్

నోరిష్ గురించి మంచి మాత్రమే చెప్పి ఊరుకుంటే పూర్తి జీవితం చెప్పినట్లు కాదు. డీఎన్ఏ నిర్మాణం తెలియడానికి కీలకమైన ఎక్స్‌రే ఫోటోలకు పేరుపొందిన రోజాలిండ్ ఫ్రాంక్లిన్ తన పరిశోధన జీవితాన్ని మొదలుపెట్టింది నోరిష్ ప్రయోగశాలలోనే. 1941, 42లలో ఆమె అక్కడ సుమారు ఏడాది పనిచేశారు. ఇద్దరికీ పొసగలేదు. ఆమె ఆ చోటు వదిలి, బొగ్గు మీద పరిశోధించే సంస్థలో చేరి, అక్కడ చేసిన పనితో డాక్టరేట్ సాధించారు. పోర్టర్ చేతిలోని ఆలోచనకు చోటిచ్చిన గురువు, అంతకు కొన్నేళ్ల ముందు వచ్చిన మరో గొప్ప విద్యార్థిని నిలుపుకోలేకపోయారు. రెండూ నిజమే, రెండూ ఆయన జీవితంలోనివే.

పోర్టర్ తర్వాత షెఫీల్డ్‌లోనూ, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనూ అదే పద్ధతిని ముందుకు తీసుకుపోయారు. ఫ్లాష్ దీపాల స్థానంలో లేజర్లు వచ్చాయి. కొలవగలిగే కాలం సెకనులో వంద కోట్లో వంతుకు చేరింది. ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జెవైల్ దాన్ని ఇంకా పది లక్షల రెట్లు సన్నగా కోసి 1999లో నోబెల్ అందుకున్నారు. హైడ్రాక్సిల్ రేట్లను కొలిచే నేటి ప్రయోగశాలల్లో ఒక లేజర్ అణువును విరుస్తుంది, ఇంకో లేజర్ హైడ్రాక్సిల్‌ను మెరిపించి లెక్కపెడుతుంది. పరికరాలు మారాయి గానీ, మొదటి మెరుపుతో పుట్టించి రెండో మెరుపుతో చూడడమనే వరస 1949 నాటిదే.

నోరిష్ చనిపోయి అర్ధశతాబ్దం కావస్తోంది. ఈ ఏడాది మనలో కొందరు జోధ్‌పూర్ వెళ్తారు, కొందరు జోర్హాట్ వెళ్తారు, కొందరు విశాఖపట్నం వస్తారు. ఎక్కడికి వెళ్లినా తెల్లవారి ఎండ పడగానే అక్కడి గాలిలో హైడ్రాక్సిల్ పుట్టడం మొదలవుతుంది, సాయంత్రానికి తగ్గుతుంది. రేటు స్థిరాంకాల పట్టిక మాత్రం ఊరూరికీ వేరుగా ఉండదు. కేంబ్రిడ్జి గొట్టంలో మొదలైన కొలతే అన్ని చోట్లా పనికొస్తుంది.